రెండు తలల కోటు

విగ్గు కింద జిగురు ఇంకా ఆరలేదు. నుదుటి అంచున చల్లగా పాకుతోంది, ముట్టుకుంటే ఊడుతుంది, ముట్టుకోకపోతే దురద, అందుకని ఆమె రెండు చేతులూ వెనక్కి కట్టుకుని స్టేజి వెనక నడవాలో గోడకేసి చూస్తూ నిలబడింది. గోడ మీద ఎవరో అంటించిన కాగితం, వేషధారులు ఇక్కడ వరుసలో నిలబడవలెను అని, దాని కింద ఇంకెవరో పెన్నుతో గీసిన పిల్లి మొహం. వేషధారులట. అమ్మ చూస్తే, నేను మొదట్నుంచీ అన్న మాటే కదే అనేది. కుక్క వేషం వేశాక మొరగక తప్పదే తల్లీ అని కూడా అనేది, అనేసి తనే నవ్వేది. వరుస ఒక అడుగు కదిలింది. ముందున్న అమ్మాయి భుజాలకు కట్టుకున్న రెక్కలు గోడకు రాసుకుని ఒక ఈక రాలింది, ఎవరూ వంగి తీయలేదు, ఈ వేషాల్లో వంగగలిగినవాళ్ళెవరు. వెనక పడవ తెడ్డు నేలకు తగిలిన చప్పుడు. అతను. తిరిగి చూడక్కర్లేదు, తెడ్డు ఆనించే తీరులోనే తెలుస్తుంది, ముందు మెల్లగా పెట్టి తర్వాత బరువు వేస్తాడు, లిఫ్టులు బాగుచేసేవాడికి ఏ వస్తువు మీదా ఒక్కసారిగా బరువు వేయడం చేతకాదు. "ఊపిరి పీల్చకు" అన్నాడు. ఆమె పీల్చలేదు. కోటు వెనక హుక్కులు కింది నుంచి పైకి ఒక్కొక్కటే పడుతున్నాయి, అతని వేళ్ళు వీపును తాకకుండా, గుడ్డను మాత్రమే పట్టుకుని, పక్కింటావిడకి పెడుతున్నంత మర్యాదగా.

ఆ హుక్కులు ఒక్కరే పెట్టుకోలేరు. కుట్టినప్పుడు ఆలోచించలేదు, వెనక ఒకరు ఉంటారు కదా అనుకుంది, దాన్ని అసలు అనుకోవడం అని కూడా అనలేం, గోడ ఉంది కాబట్టి మేకు కొట్టినట్టు. ఈ సాయంత్రం బస్సుకి అతను వెళ్ళిపోతున్నాడు. వేరే ఊళ్ళో ఉద్యోగం, సముద్రం పక్కన, ఎత్తయిన కొత్త భవనాలు, వాటి నిండా లిఫ్టులు. రమ్మని అతను అడగలేదు, వస్తానని ఆమె అనలేదు, ఆ రెండు అనకపోవడాల మధ్య పెళ్ళి అయిపోయింది. ఒకప్పుడు ఇదే మాట ఎంత సంబరంగా చెప్పుకున్నారు, ఫోన్ చేసి మరీ, మా పెళ్ళి అయిపోయింది అని. మాట అదే, అక్షరం మారలేదు. వేషం ఒప్పుకుని చాలా కాలమైంది, పేర్లు ముందే ఇచ్చేశారు, హాలు ముందు పెట్టిన పెద్ద పోస్టరు మీద కూడా వాళ్ళిద్దరి బొమ్మే వేశారు, కాబట్టి ఇది అయ్యాక చెబుదాంలే అనుకున్నారు. అనుకున్నది వంటగదిలో, ఆమె గిన్నెలు తోముతుంటే అతను తుడుస్తూ. అంత నెమ్మదిగా ఒప్పందాలు కుదిరే ఇంట్లో మనుషులు ఎందుకు విడిపోతారో బయటివాళ్ళకు చెప్పడం కష్టం.

"అక్కా, ఒక్క ఫోటో." ఎవరో నీలం జుట్టు కుర్రది, మొహం నిండా మెరుపులు. "బావగారూ, మీరు కూడా, తెడ్డు కొంచెం పైకెత్తండి." ఈ లోకంలో ఆమె అందరికీ అక్క, కాబట్టి అతను అందరికీ బావ, పొడుగు కత్తులవాళ్ళకీ, తోకలవాళ్ళకీ, ఆఖరికి పార్కింగ్ దగ్గర టికెట్లు చింపే పెద్దాయనకి కూడా. ఈ వేషాల కన్వెన్షన్‌లో అడుగుపెడితే చాలు ఎటు చూసినా బావమరుదులే. రేపట్నుంచి వీళ్ళు అతన్ని ఏమని పిలవాలి? బావగారు అన్న మాటకు ఆమె లేకుండా అర్థం లేదు కదా, అద్దెకు తెచ్చిన కుర్చీ లాంటి మాట, తీసుకెళ్ళాక ఆ చోటు ఖాళీ. అతను తెడ్డు పైకెత్తాడు. ఆమె తల పక్కకు వంచింది, ఫోటోల్లో అలా వంచడం ఎప్పటినుంచో అలవాటు, అతని భుజం ఎక్కడుంటుందో మెడకు తెలుసు. మెడ వంగింది. భుజం ఉంది. కుర్రది వెళ్ళిపోయాక కూడా మెడ తిన్నగా రావడానికి కాస్త సమయం పట్టింది.

బాబాయ్ దుకాణంలో మొదటిసారి చూసినప్పుడు అతని భుజమే చూసింది, ఎందుకంటే మొహం అలమర వైపు ఉంది. చెప్పుల కొట్టు పక్కన ఇరుకు మెట్లు, పైన ఒకే గది, గది నిండా పుస్తకాలు, అట్టపెట్టెల్లో బొమ్మలు, గోడలకు ఆనించి చుట్టచుట్టిన పోస్టర్లు, కొత్త ప్లాస్టిక్ వాసన, పాత కార్పెట్ వాసన, మధ్యలో కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని బాబాయ్. ఎవరికీ బాబాయ్ కాడు, అందరికీ బాబాయే. అలమరలో ఆ ఒక్క బొమ్మ మిగిలింది, దీపస్తంభం కాసే పిల్ల, పొడుగు కోటు, చేతిలో లాంతరు, వేలెడంత ఉంటుంది. జపాన్ బొమ్మల సిరీస్‌లు, అదే యానిమే, చూసేవాళ్ళు ఆ ఊళ్ళో అప్పట్లో గుప్పెడు మంది కూడా లేరు, అందులో ఆ సిరీస్ చూసినవాళ్ళు ఆ గదిలో నిలబడ్డ ఈ ఇద్దరే, ఇద్దరికీ ఆ బొమ్మే కావాలి. ముందు నేనొచ్చానండి అని ఆమె, ముందు నేనడిగానండి అని అతను, అండి అండి అనుకుంటూనే ఒకరినొకరు తినేసేట్టు చూసుకున్నారు. బాబాయ్ ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, బొమ్మ ఎవరికీ అమ్మను, ఇక్కడే ఉంటుంది, ఇద్దరూ వచ్చి చూసుకుపోండి అన్నాడు. రాజీ అంటే అదీ. వారం వారం వెళ్ళి చూసేవాళ్ళు, ఒక్క వేలెడు బొమ్మను చూడడానికి గంటలు పట్టేది. పెళ్ళి కాగితాల మీద సంతకాలు పెట్టిన రోజున బాబాయ్ దాన్ని జేబు రుమాల్లో చుట్టి తెచ్చి ఇచ్చాడు. ఇప్పుడు అది ఇంట్లో అద్దాల బీరువాలో ఉంది. విడిపోయేవాళ్ళు వస్తువుల కోసం కొట్టుకుంటారని విన్నది. కొట్టుకోవడానికి సిద్ధంగా కూడా ఉంది, ఏ బొమ్మ ఎవరిదో మనసులో అనుకుని, వాదనలు కూడా తయారు చేసుకుంది. అతను ఒక్కటి కూడా అడగలేదు. అన్నీ ఉండనీలే నీకు అన్నాడు. బీరువా ముందు ఆమె వాదనలన్నీ నోట్లోనే ఎండిపోయాయి. ఆ దీపం పిల్లను కూడానా? ఆ పిల్లను కూడా.

వరుస కదిలింది. లోపల స్టేజి మీద ఎవరిదో పాట, నేల సన్నగా అదురుతోంది, హాలు మొదటి అంతస్తు కాబట్టి అదిరితే బాగా తెలుస్తుంది. మొదటి కన్వెన్షన్ కూడా పై అంతస్తే. ఒక పాత హోటల్లో, బ్యానరు తలకిందులుగా కట్టారు, వచ్చినవాళ్ళకంటే కుర్చీలు ఎక్కువ, బయట వాన. పాడయ్యే లిఫ్టు ఆ రోజే చూసుకుని పాడైంది, లోపల రెక్కలవాళ్ళు ఇరుక్కుపోయారు, ఊపిరాడక కాదు రెక్కలు విరుగుతాయని గోల. అప్పుడు అతను ఆ సిరీస్‌లోని పడవవాడి వేషంలోనే, చెక్క మాస్కు నెత్తి మీదకి తోసుకుని, తాళంచెవి లాంటిదేదో తలుపు సందులో పెట్టి తిప్పి, ఎవరూ కదలకండమ్మా, కదిలితే రెక్కలకి నా పూచీ లేదు అన్నాడు. రెండు అంతస్తుల మధ్య ఆగిన పెట్టెలోంచి ఒక్కొక్క దేవదూతనే చంకల కింద చేతులేసి దించాడు. ఆమె లాంతరు పట్టుకుని వెలుతురు చూపించింది. నిజం లాంతరు కాదు, బ్యాటరీది, దాని తీగలు కూడా అతను పెట్టినవే. ఆ రోజే అనుకుంది, ఇతనితో ఉంటే ఎక్కడ ఇరుక్కున్నా పరవాలేదని. ఇరుక్కోవడం గురించి అంతకంటే ముందుకు ఆలోచించలేదు.

నోట్లో దీపం పిల్ల కోరపళ్ళు గుచ్చుకుంటున్నాయి. తను చేసుకున్నవే. రోజంతా డెంటల్ ల్యాబులో కూర్చుని ఎవరివో తెలియని నోళ్ళకు పళ్ళు చేస్తుంది, మైనం పోసి, అచ్చు తీసి, అరగదీసి, మెరుగు పెట్టి. సాయంత్రం మిగిలిన ముక్కలతో కొమ్ములు, గోళ్ళు, కోరలు. ఊరి రాక్షసుల పళ్ళన్నీ ఆమె చేతి చలవే. పళ్ళు చేసుకునేదానివి, ఆ బొమ్మల ముందు పళ్ళికిలిస్తూ కూర్చోవడమేమిటే అని అమ్మ గొణిగేది, ఒక పిల్లో పిల్లాడో ఉంటే ఈ పిచ్చి వదిలేది అని కూడా గొణిగేది, తర్వాత గొణగడం మానేసి ఇద్దరికీ స్వెటర్లు అల్లడం మొదలుపెట్టింది. అమ్మకింకా చెప్పలేదు. ఎలా చెప్పాలి? అతను కొట్టడు, తాగడు, అబద్ధం ఆడడు. అబద్ధం ఆడడు అన్న చోట ఆలోచన కాలు మెలికపడి ఆగింది. అందరూ అంటారు, మీ జంటను చూస్తే ముచ్చటేస్తుందని. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత. ఈగలు కూడా కాదు, ఈగలైనా చప్పుడు చేస్తాయి.

అది బయటపడ్డ రోజు ఏమైందంటే ఏమీ కాలేదు. రాత్రి భోజనాలయ్యాక ఎప్పటిలాగే సోఫాలో, కాళ్ళ మీద ఒకే దుప్పటి, ఎదురుగా తెర. చాలా కాలంగా చూస్తున్న సిరీస్ అయిపోయింది, ఆఖరి పాట వస్తోంది, ఆమె కళ్ళు తుడుచుకుంటూ, ఆ ముసలి వైద్యుడు చివరికి అలా చేస్తాడనుకున్నావా అంది. అతను, బాగా చేశాడు పాపం అన్నాడు. ముసలి వైద్యుడు కథ సగంలోనే చచ్చిపోయాడు. ఆమె అడిగింది వైద్యుడైన అతని కొడుకు గురించి, నోరు జారి ముసలి అంది, సరిదిద్దుకోబోయి ఆగింది. అతను సరిదిద్దలేదు. అతనికి తెలియదు. మొహం మీద కత్తివేటుకు నెత్తురు చుక్క లేకుండా అలాగే తెరకేసి చూస్తూ, ఎప్పట్నుంచి చూడడం లేదు అంది. అతను దాచలేదు, చాలా కాలం నుంచి అన్నాడు. మరి రోజూ పక్కన కూర్చుని ఏం చేస్తున్నట్టు? అప్పుడు అతను చెప్పిన మాట ఇప్పటికీ విగ్గు కింద జిగురులా పాకుతూనే ఉంది. "నువ్వు చూస్తుంటే నిన్ను చూడడం బాగుండేది. తర్వాత్తర్వాత అదీ..." అని ఆగిపోయాడు. పూర్తి చేయలేదు. వేరే ఆడదాని పేరు చెప్పినా ఆ పేరు పట్టుకుని ఏడ్చేది, తిట్టేది. అదీ అన్న మాట పట్టుకుని ఎవరేం చేయగలరు. మొదటి వాక్యం ఒక్కటే చెప్పి ఊరుకుని ఉంటే జన్మంతా దాచుకునే మాట. రెండోది కూడా చెప్పాడు, అబద్ధం ఆడడు కాబట్టి.

రెక్కల పిల్ల లోపలికి వెళ్ళింది. తర్వాత వీళ్ళే. అతను మాస్కు మొహం మీదకి దించుకున్నాడు, పక్కనుంచి చూస్తే ఇప్పుడు అతను కాదు, ఎవరో పడవవాడు. మాస్కు లోపలి నుంచి ఊపిరి చప్పుడు. ఈ చప్పుడు ఎప్పుడో విన్నది, మాస్కు లేకుండా, ఇంట్లోనే, తలుపు తీసుకుని వచ్చి చెప్పులు విప్పకుండా నిలబడి ఇలాగే ఊపిరి తీసుకున్నాడు. ఏదో చెప్పాడు. తనతో పనిచేసే మేస్త్రి గురించి, పైనుంచి లిఫ్టు షాఫ్టు గోతిలోకి జారిపడ్డాడనో, తను పట్టుకోబోయాడనో, చొక్కా చేతిలోకి వచ్చిందనో. ఆమె ఆ రోజు నేల మీద కూర్చుని పొలుసులు అంటిస్తోంది, పాము కన్య వేషానికి, వందల పొలుసులు, జిగురు ఆరేలోగా వరుస తప్పకుండా పెట్టాలి. ఆ పొలుసులు ఒక్కొక్కటీ గుర్తున్నాయి, ఆకుపచ్చ అంచు, మధ్యలో వెండి. అతను చెప్పింది మాత్రం గుర్తు లేదు. ఊఁ అంది, ఆ సన్న బ్రష్ ఇలా అందుకో అంది. అతను అందించాడు. ఆ మేస్త్రి బతికాడా? ఇంతకాలంలో ఒక్కసారీ అడగలేదు. ఇప్పుడు అడగాలనిపించి తిరిగింది, ఎదురుగా చెక్క మొహం, కళ్ళున్న చోట రెండు చీకటి చీలికలు, "ఏంటి?" అన్నాడు లోపల్నుంచి. పేరు పిలిచారు. ఏమీ లేదు అంది.

వెలుతురులో మొదట ఏమీ కనబడదు. కింద చీకట్లో జనం ఉన్నారని చప్పట్లను బట్టి తెలియడమే. ఆ దీపస్తంభం సిరీస్‌లో ఆఖరి ఘట్టం ఇప్పుడు అందరికీ కంఠతా వచ్చు, దీపం పిల్ల ఏళ్ళ తరబడి ఎవరి కోసమో లాంతరు వెలిగిస్తుంది, చివరికి పడవ వస్తుంది, వచ్చినవాణ్ణి ఆమె గుర్తుపట్టదు. ఆమె లాంతరు ఎత్తింది. జనం ఈల వేశారు. అతను తెడ్డు మెల్లగా ఆనించి, తర్వాత బరువు వేసి, ఒక్కొక్క అడుగే ఒడ్డెక్కాడు. ఆమె లాంతరు కింద పెట్టి రెండు చేతులతో మాస్కు తీసింది. సున్నం రాసినట్టు తెల్లగా వేసుకున్న మొహం, కళ్ళ కింద నిజమైన నలుపు, చెంప మీద రంగు అందని ఒక చిన్న చోటు. ఇన్నాళ్ళూ ఇంత దగ్గరగా ఎప్పుడు చూసింది? మీరెవరో నాకు తెలియదు అనాలి. అంది. గొంతు బయటికి వచ్చింది, మామూలు గొంతే, ల్యాబుకు వచ్చిన కొత్తవాళ్ళతో మాట్లాడే గొంతు. తెలియకపోయినా దీపం పెట్టావు అనాలి అతను. అన్నాడు. చప్పట్లు నేలను అదరగొట్టాయి.

రెండో బహుమతి. మొదటిది రెక్కల పిల్లకు, పోనీ పాపం, ఈక రాల్చుకున్నందుకైనా. పిల్లి చెవులు పెట్టుకున్న యాంకర్ మైకు ఊపుకుంటూ వచ్చి, మన అక్కా బావగార్లు ప్రతి ఏడూ ఏదో ఒకటి చేసి మతి పోగొడతారు, మరి వచ్చే ఏడు ఏ వేషం అని అడిగాడు. మైకు ఆమె ముందుంది. జనం ఎదురుచూస్తున్నారు. వచ్చే ఏడు అన్న మాట నాలుక మీద మైనం ముద్దలా అతుక్కుంది. ఇప్పుడే చెప్పేస్తే? ఇది అయ్యాక అనుకున్నారు కదా, అయింది కదా. పెదవి విప్పబోయింది. అతను చేయి చాపి మైకు తన వైపు తిప్పుకున్నాడు. ఇన్నేళ్ళలో స్టేజి మీద వేషం మాట తప్ప సొంత మాట ఒక్కటి మాట్లాడనివాడు, గొంతు సవరించుకుని, "వచ్చే ఏడు ఇద్దరం ఒకే కోటులో వస్తాం" అన్నాడు.

హాలు నవ్వింది. ఆమె అతన్ని చూసింది. అబద్ధం ఆడడు. అతని తెల్ల మొహంలో ఏమీ లేదు, కానీ తెడ్డు పట్టుకున్న చేయి బిగుసుకుంది. రెండు తలల రాక్షసుడండి, అన్నాడు, ఒక తల నాది, ఒకటి ఆవిడది, ఎటు నడవాలో ఎప్పుడూ తగువే. కొమ్ములు నేను చేస్తాను అంది ఆమె, తన గొంతు తనకే వినబడింది, పళ్ళు కూడా, ఎడమ తలకి పళ్ళుండవు, ముసలిది. కళ్ళు ఆర్పడానికి లోపల తీగలు లాగుతాను అన్నాడు అతను, లిఫ్టు తలుపుల్లాగా, రెండు రెప్పలూ మధ్యలో కలుస్తాయి. బటన్లు వెనక వద్దు అంది ఆమె, ముందువైపే పెడదాం, ఎవరికి వాళ్ళం పెట్టుకునేట్టు. మరి చేతులు అని యాంకర్ అడిగాడు. ఆ మాట తెగలేదండి, అన్నాడు అతను, ఉన్నవి రెండే, ఒకటి నాకు, ఒకటి ఆవిడకి. జనం విరగబడి నవ్వుతున్నారు. బరువు ఎక్కడ పడాలి, మెడల మధ్య దూరం ఎంత ఉండాలి, నడుముకు బెల్టు వేయాలా భుజాలకు వేయాలా, ఒకరి మాట అందుకుని ఒకరు చెప్పుకుపోయారు, ఆమెకు ఆ కోటు కనబడుతోంది, బూడిద రంగు, అంచులు చిరిగి, దాని లోపలి చీకటి కూడా కనబడుతోంది, ఇద్దరి ఊపిరీ కలిసి వెచ్చగా. చాలా కాలానికి ఇద్దరూ కలిసి ఒక పని చేశారు. ఎంత బాగా చేశారంటే చప్పట్లు కొట్టినవాళ్ళలో ఒక్కరికీ అనుమానం రాలేదు.

బట్టలు మార్చుకునే గదిలో ఇంకెవరూ లేరు. అతను హుక్కులు పై నుంచి కిందికి విప్పాడు. ఆఖరిది విప్పాక కూడా చేతులు కాసేపు అక్కడే ఉన్నాయి, లేక ఆమెకు అలా అనిపించిందేమో. మేస్త్రి ఎలా ఉన్నాడు అని అడిగింది. ఏ మేస్త్రి అన్నాడు, అడిగిన వెంటనే అర్థమైంది అతనికి. "పోయాడు. ఆ రోజే" అన్నాడు. తర్వాత మొహం కడుక్కున్నాడు, మాస్కును గుడ్డలో చుట్టి బల్ల మీద పెట్టాడు, పనిముట్ల సంచి భుజాన వేసుకున్నాడు. నుదుటి మీద జిగురు గోకకు, నూనె రాసి తియ్యి, పుండు పడుతుంది అన్నాడు. సరే అంది. జాగ్రత్త అంది, దేనికి జాగ్రత్తో చెప్పలేదు. తలుపు మెల్లగా మూసి, తర్వాత గట్టిగా నొక్కి, గడియ పడిందో లేదో చూసుకుని వెళ్ళాడు.

అద్దం ముందు విగ్గుతో అలాగే కూర్చుంది. ఎంతసేపో. తలుపు తట్టి బాబాయ్ వచ్చాడు, కళ్ళజోడు నుదుటి మీద, చేతిలో తన స్టాల్లో మిగిలిన పోస్టర్ల చుట్ట, మొహమంతా వెలుగు. "అదరగొట్టారే తల్లీ. ఆ రెండు తలల కోటుకి గుడ్డ నేను చూస్తాలే, తెలిసినవాడున్నాడు, బూడిద రంగు మందపాటిది తెప్పిస్తా. ఏడీ మావాడు, కొలతలు తీసుకుందాం."

అద్దంలో బాబాయ్ కనబడుతున్నాడు, కనబడుతూ నవ్వుతున్నాడు. ఇంకో రోజు చెప్పవచ్చు. ఊఁ అని, సరే తెప్పించు అని, ఆ కోటును ఇంకొన్నాళ్ళు బతకనివ్వవచ్చు.

"ఒక్క తలకే తెప్పించు బాబాయ్" అంది.

బాబాయ్ పోస్టర్ల చుట్ట బల్ల మీద పెట్టాడు, చెక్క మాస్కు పక్కన. దాన్ని చూశాడు, ఆమె వీపున విప్పి ఉన్న హుక్కులు చూశాడు. కుర్చీ లాక్కుని వెనక కూర్చున్నాడు. ఎప్పట్నుంచి తల్లీ అన్నాడు. ఆమె ఆలోచించింది. తెర ముందు అడిగిన రాత్రి నుంచా, పొలుసుల రోజు నుంచా, ఇంకా ముందు నుంచా, మైకు ముందు ఇద్దరూ కోటు కుడుతున్నంతసేపూ మాత్రం కాదు, అప్పుడింకా పెళ్ళి ఉంది.

"ఇందాకే బాబాయ్" అంది.

బాబాయ్ కళ్ళజోడు కిందికి దించుకుని, ఆమె జుట్టులోంచి విగ్గు పిన్నులు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టసాగాడు.